పాతబస్తీ వీధికి కొత్త రాళ్లు: పని మంచిదో కాదో చూసేదెలా?

చార్మినార్‌ను 1591లో కట్టారు. దానికి ఉత్తరాన గుల్జార్ హౌజ్, చుట్టూ నాలుగు కమాన్లు. పడమటి వైపు లాడ్ బజార్. మూసీ వైపు నడిస్తే పత్తర్‌గట్టి. వీటన్నిటినీ కలిపి ఒక నగరంగా నిలిపింది వీధే. కుతుబ్‌షాహీల కాలంలో వేసిన నాలుగు దారుల కూడలి మీదే పాతబస్తీ ఇప్పటికీ నడుస్తోంది. మినార్ నుంచి సున్నం పెచ్చు ఊడితే పెద్ద వార్త అవుతుంది. అదే వీధిని తవ్వితే ట్రాఫిక్ మళ్లింపు గురించి నాలుగు వాక్యాలు వస్తాయి, అంతే. చారిత్రక ప్రాంతంలో వీధి కూడా వారసత్వమే కాబట్టి అక్కడ రోడ్డు వేసినా, కాలువ తవ్వినా, స్తంభం పాతినా ఆ పనిని మామూలు కాలనీ రోడ్డులా లెక్కగట్టకూడదు. మరి ఎలా చూడాలి?

ఇందుకు చార్మినార్ పాదచారుల ప్రాజెక్టే మంచి ఉదాహరణ. దశాబ్దాల తరబడి బస్సులు, లారీలు, ఆటోలు ఆ కట్టడం చుట్టూ తిరిగాయి. వాహనాలను చుట్టుదారుల మీదికి మళ్లించి, కట్టడం చుట్టూ జనం నడిచేలా గ్రానైట్ పరచాలన్న ఆలోచన 1990ల నాటిది. ఉద్దేశం మంచిదే. ఆ ఆలోచన నేల మీద కనబడటానికి సుమారు రెండు దశాబ్దాలు పట్టింది.

ముందు చట్టం సంగతి. చార్మినార్ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత ప్రాంతం చుట్టూ 100 మీటర్ల వరకు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన మరో 200 మీటర్ల వరకు అనుమతి తప్పనిసరి. అయితే అదే సవరణ ‘నిర్మాణం’ నిర్వచనం నుంచి మురుగు కాలువల పనులను, ప్రజలకు నీళ్లు, కరెంటు అందించే పనులను మినహాయించింది. జనానికి నీళ్లు, వెలుతురు ఆగిపోకూడదన్న ఆ మినహాయింపు న్యాయమైనదే. కానీ దాని ఫలితం చూడండి. ఒక ఇంటాయన పై అంతస్తు వేసుకోవాలంటే ఎన్నో గడపలెక్కాలి. వీధి మొత్తాన్ని తవ్వే పనికి మాత్రం అంత గట్టి పరిశీలన దొరక్కపోవచ్చు.

రాష్ట్ర స్థాయిలో హైదరాబాద్ వారసత్వ కట్టడాల కోసం 1995 నుంచి ఒక ప్రత్యేక నిబంధన, దానికొక కమిటీ ఉండేవి. ఆ నిబంధనను 2015 చివర్లో తొలగించారు. 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. ఇలాంటి చట్టాలు సాధారణంగా కట్టడాల జాబితాతో మొదలవుతాయి. ఆ జాబితాలోని రెండు కట్టడాల మధ్య ఉన్న నేలను ఎవరు చూడాలి? అందుకే పరిశీలన అనే పని అధికారులకే వదిలేయకుండా, అక్కడ బతికేవాళ్లూ నేర్చుకోవాలి.

మొదట చూడాల్సింది నేల కింద ఏముందో. నీటి గొట్టాలు ఒక సంస్థవి, కరెంటు కేబుళ్లు మరొకరివి, ఇంటర్నెట్ తీగలు ఇంకొకరివి. అందరూ కలిసి ముందే పని ముగించకపోతే ఖరీదైన గ్రానైట్ పరిచిన కొన్నాళ్లకే మళ్లీ గునపం పడుతుంది. ఊడదీసిన పలక స్థానంలో సిమెంటు అతుకు మిగులుతుంది. కాబట్టి నాలుగు విషయాలు అడగాలి. రేపు వచ్చే కేబుళ్ల కోసం ఇవాళే ఖాళీ గొట్టాలు వేశారా? పలకలను పగలగొట్టకుండా లేపి, మళ్లీ అమర్చే వీలుందా? అదే రాయి కొంత అదనంగా తెచ్చి దాచారా? తవ్వే ముందు అక్కడక్కడా చిన్న గుంటలు తీసి, పాత పునాదులో నీటి కాలువలో ఉన్నాయేమో చూశారా?

రెండోది మట్టం. రోడ్డు పాడైనప్పుడల్లా పాత తారు మీదే కొత్త తారు పోస్తుంటే వీధి పైకి లేస్తుంది, పక్కనున్న గడప కిందికి దిగినట్టవుతుంది. ఒక్కోసారికి 5 సెంటీమీటర్లు అనుకున్నా ఆరుసార్లకు 30 సెంటీమీటర్లు. అప్పుడు వాననీళ్లు వీధిలోంచి దుకాణంలోకి పారతాయి. కమాను కింద ఎత్తు తగ్గిపోతుంది. కొత్త పొర వేసే ముందు పాతదాన్ని గీకి తీయడం ఇక్కడ తప్పనిసరి నియమం కావాలి.

మూడోది గోడ అడుగు భాగం. సున్నంతో కట్టిన పాత గోడలు నేలలోని తేమను పీల్చుకుంటాయి, గాలికి ఆరిపోతాయి. గోడను ఆనుకుని సిమెంటు పోసి మూసేస్తే ఆ తేమ బయటికి పోలేక గోడలోనే పైకి పాకుతుంది. సున్నం పొడిలా రాలుతుంది, గచ్చు ఉబ్బుతుంది. నేల పరిచేటప్పుడు గోడకూ రాళ్లకూ మధ్య నీళ్లు ఇంకే సన్నని పట్టీ వదిలితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

నాలుగోది పని చేసే తీరు. 2019 మే నెలలో చార్మినార్ మినారు మీది సున్నపు అలంకరణలో ఒక ముక్క ఊడిపడింది. సున్నంలోకి చేరిన తేమ వల్లనా, దగ్గర్లో సాగుతున్న తవ్వకాల అదురు వల్లనా అన్న చర్చ జరిగింది. కారణం ఏదైనా, పాత కట్టడం పక్కన యంత్రాలు వాడేటప్పుడు ప్రకంపనలను కొలిచే పరికరం పెట్టి, హద్దు దాటితే పని ఆపే ఏర్పాటు ముందే ఉండాలి. ముక్క పడ్డాక కమిటీ వేస్తే ఆ ముక్క తిరిగి రాదు.

ఐదోది, అన్నిటికంటే ముఖ్యమైనది, మనుషులు. రాయి అందంగా ఉంటే చాలదు. వానలో జారకూడదు, చక్రాల కుర్చీ కుదుపుల్లేకుండా సాగాలి, పెద్దవాళ్ల కాలికి అంచులు తగలకూడదు. లాడ్ బజార్ గాజుల బేరం, తోపుడు బండి మీది పండ్లు, రంజాన్ రాత్రుల రద్దీ లేని చార్మినార్‌ను ఊహించుకోలేం. ఆ వ్యాపారులను ఖాళీ చేయించి ఫొటోకు పనికొచ్చే మైదానం చేస్తే, కాపాడాలనుకున్నదాన్నే పోగొట్టుకున్నట్టు. వీధి వ్యాపారుల చట్టం 2014 ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 50 ఏళ్లకు పైగా వీధి వ్యాపారం సాగుతున్న సహజ బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలనీ, అక్కడి వ్యాపారులను వేరేచోటికి తరలించకూడదనీ చెప్పింది. ఆ చట్టం కింద ఏర్పడే పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలనీ అంది. కాబట్టి వీధి నమూనాలో బండి నిలిచే చోటు, నడిచే దారి, సరుకు దించే వేళ మొదటి గీతలోనే కనిపించాలి.

వీధిని తీర్చిదిద్దుతూనే చరిత్రను నిలబెట్టగలమా అని సందేహించేవాళ్లు పత్తర్‌గట్టికి వెళ్లి చూడాలి. 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి బోర్డు ఆ వీధిని రాతి కమాన్లతో, దుకాణాల ముందు నీడలో నడిచే వరండాతో తిరిగి కట్టించింది. అప్పటికి అది కొత్త పనే. వ్యాపారానికీ, నడకకూ, ఎండకూ లెక్క చూసుకుని కట్టారు గనుక ఇవాళ దాన్నే వారసత్వం అంటున్నాం.

ఇక చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. టెండరు పిలవడానికి ముందే వీధి నమూనాను, నేల మట్టాల పట్టికను, నేల కింది గొట్టాల పటాన్ని తెలుగులో, ఉర్దూలో ఆ బజారులోనే అతికించాలి. నీళ్లు, కరెంటు, రోడ్లు, పురావస్తు శాఖల వాళ్లంతా ఒకే రోజు వ్యాపారుల ముందు కూర్చోవాలి. పని పూర్తయ్యాక ఒక వానాకాలం గడిచేదాకా చూసి, ఎక్కడ నీళ్లు నిలిచాయో, ఏ పలక కదిలిందో రాసి బయటపెట్టాలి. ఆ లోపాలు సరిచేసేదాకా కాంట్రాక్టరుకు చివరి బిల్లు చెల్లించకూడదు.