ఆటలో బయటపడే భయం

1976 జులై 15. అమెరికాలోని కాలిఫోర్నియాలో చౌచిల్లా అనే చిన్న ఊరు. వేసవి బడి పిల్లల్ని ఇళ్లకు చేరుస్తున్న బస్సును ముసుగులేసుకున్న ముగ్గురు తుపాకులతో అడ్డగించారు. 26 మంది పిల్లల్నీ, డ్రైవర్‌నీ గంటల తరబడి వ్యాన్లలో తిప్పి, ఓ రాతి క్వారీలో పాతిపెట్టిన లారీలోకి దించారు. డ్రైవరూ పెద్ద పిల్లలూ పరుపులు పేర్చుకుని ఎక్కి, పైమూత తొలగించి అందర్నీ బయటికి తెచ్చేసరికి దాదాపు 16 గంటలైంది.

ఒక్క ప్రాణమూ పోలేదు. చిన్నపిల్లలు కదా, నాలుగు రోజులైతే వాళ్లే మర్చిపోతారనుకున్నారు పెద్దలు.

కొన్ని నెలల తర్వాత మానసిక వైద్యురాలు లెనోర్ టెర్ ఆ పిల్లల్ని కలిశారు. నాలుగేళ్లు గడిచాక మళ్లీ వెళ్లారు. ఆ ఘటన ఛాయలు లేని పిల్లలు ఒక్కరూ కనిపించలేదు. పీడకలలు, చిన్న విషయాలకే హడలిపోవడం, తాము ఎక్కువకాలం బతకమన్న నమ్మకం. కొందరు జరిగినదాన్నే ఆటగా ఆడేవారు. అందులో నవ్వుండదు, మార్పుండదు, ఎన్నిసార్లు ఆడినా భయం తగ్గదు. ఇంకొందరు అంతకుముందు జరిగిన చిన్నాచితకా సంగతుల్ని అపశకునాలుగా లెక్కేసుకున్నారు. వాటిని ముందే పట్టించుకుని ఉంటే తప్పించుకునేవాళ్లమని వాళ్ల బాధ.

ఇలా తప్పును తమ నెత్తిన వేసుకునే పిల్లల కోసమే నేటి చికిత్సలో ప్రత్యేక దశ ఉంది. జుడిత్ కోహెన్, ఆంథొనీ మానరినో, ఎస్తర్ డెబ్లింగర్ రూపొందించిన పద్ధతిలో మామూలుగా 12 నుంచి 16 సిట్టింగ్‌లు ఉంటాయి. వెళ్లగానే ‘ఏం జరిగిందో చెప్పు’ అని అడగరు. ముందు గుండె దడ తగ్గేలా ఊపిరి తీసుకోవడం, భయాన్నీ కోపాన్నీ సిగ్గునూ విడివిడిగా గుర్తించడం నేర్పుతారు. తర్వాత బొమ్మలు గీస్తూనో, రాస్తూనో బిడ్డ తన కథను కొంచెం కొంచెంగా చెబుతుంది. ‘నా వల్లే’ అన్న మాట వచ్చిన చోట థెరపిస్టు ఆగుతారు, నిజంగా తప్పెవరిదో ఇద్దరూ కలిసి తేల్చుకుంటారు. తల్లిదండ్రులకు విడిగా సిట్టింగ్‌లుంటాయి. బిడ్డ తన కథ చదివి వినిపించే రోజున అమ్మానాన్నలు తట్టుకుని వినగలగాలి మరి!

ఈ నింపాది పోలీసు విచారణల్లో దొరకడం కష్టం. అడిగిందే అడిగితే పుండు మళ్లీ రేగుతుంది. అందుకే పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం, బిడ్డ వాంగ్మూలం తీసుకునే పోలీసులు యూనిఫాంలో ఉండకూడదంది. సాక్ష్యం కోసం మాటిమాటికీ కోర్టుకు పిలవొద్దంది. హైదరాబాద్‌లో 2016లో మొదలైన భరోసా కేంద్రం వైద్యం, న్యాయ సహాయం, కౌన్సెలింగ్ ఒకేచోట అందిస్తోంది.

ఇంట్లో చూడాల్సినవీ ఉన్నాయి. మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, అమ్మ కొంగు వదలకపోవడం, అదే ఆట పదేపదే ఆడటం. నెల దాటినా తగ్గకపోతే పిల్లల మానసిక నిపుణుల్ని కలవాలి. ఎవర్ని అడగాలో తెలియకపోతే బాలల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.