ఒక్క పగటి ఎర్రపువ్వు

ఏటమ్మలూ, పొద్దున్నే ఆ ముఖం? నిన్న పూసిన ఎర్రలిల్లీ వాడిపోయిందనా? అమ్మ నీళ్లు పొయ్యలేదని అలక్కు. ఇలా రా, ఆ ముడుచుకున్న పువ్వుని నొక్కి చూడు. తడిగుడ్డ పిండినట్టు మెత్తగా లేదూ? వేలికి రసం కూడా అంటింది. నీళ్లందక ఎండిన పువ్వయితే గలగలమనేది. ఇది దాహంతో పోలేదమ్మా, దాని వేళ అయింది.

దీని పేరు డే లిల్లీ. శాస్త్రజ్ఞులు హెమెరోకాలిస్ అంటారు. గ్రీకులో హెమెరా అంటే పగలు, కాలోస్ అంటే అందమైనది. పేరుకే లిల్లీ. అసలు లిల్లీకి అడుగున ఉల్లిగడ్డలాంటి దుంప ఉంటుంది, దీనికేమో లావాటి వేళ్ల గుత్తి. పుట్టిల్లు చైనా, జపాన్, కొరియా వైపు. అడవి రకాలు ఎక్కువగా పసుపూ నారింజే. ఎరుపు కోసం న్యూయార్క్ బొటానికల్ గార్డెన్‌లో స్టౌట్ అనే ఆయన ఏళ్ల తరబడి ఒక రకంతో ఇంకో రకాన్ని కలుపుతూ కూర్చున్నాడు. 1934లో వచ్చిన ‘థెరాన్’ తొలి ఎర్ర రకంగా పేరు తెచ్చుకుంది.

మరి అంత కష్టపడి పూసి ఒక్క పగలేనా అంటావు. పువ్వుని నిలబెట్టడం మొక్కకి ఖర్చమ్మా. రేకుల్లోంచి నీరు ఆవిరైపోతూనే ఉంటుంది. అందుకని పొద్దు వాలేసరికి రేకుల్లోని కణాలే తమ ప్రోటీన్లను విడగొట్టి, చక్కెరల్నీ అమైనో ఆమ్లాల్నీ వెనక్కి పంపేస్తాయి. పెళ్లయ్యాక పందిరి విప్పి రాటలు దాచుకోమూ, అలాగ. ఆ సరుకు మిగతా మొగ్గలకి పనికొస్తుంది. కోసి గ్లాసునీళ్లలో పెట్టినా ఆగదు, ముడుచుకునే తీరుతుంది.

మన ఊరి గుడిలో స్వామి మధుకేశ్వరుడు కదా, మధూకం అంటే ఇప్ప. ఇప్పచెట్టులో వెలిశాడని స్థలపురాణం. ఆ ఇప్పపువ్వుదీ ఇలాంటి కథే. రాత్రి విచ్చుకుని తెల్లారేసరికి నేలరాలుతుంది. కొండల్లో సవరలు వేసవి తెల్లవారుజామున బుట్టలు పట్టుకెళ్లి ఏరుకుంటారు. కానీ అది చక్కెరని వెనక్కి తీసుకోదు, తియ్యటి రేకులు పెట్టి గబ్బిలాలని పిలుస్తుంది. ఒకటి దాచుకుంటుంది, ఒకటి పంచిపెడుతుంది. నాకు రెండూ ముద్దే.

ఇంక ఈ ఎరుపుకి మన ఎండ గిట్టదు. ఆ రంగు ఆంథోసయనిన్, మన మందారంలో ఉండే కుటుంబమే. ముదురు రంగు రేకు ఎండని ఎక్కువ పీల్చి వేడెక్కిపోతుంది. మే నెల మధ్యాహ్నం చూస్తే మచ్చలు పడి, కరిగినట్టు అయిపోతుంది. పసుపు రకాలు దీనికంటే తట్టుకుంటాయి. అందుకే దీన్ని ఇంటికి తూర్పున నాటాను. పొద్దుటెండ తగులుతుంది, మధ్యాహ్నం గోడనీడ కాస్తుంది. వంశధార ఒండ్రుమట్టిలో మాగిన గత్తం కలిపి, వానలకి నీరు నిలవకుండా మడి ఎత్తు చేశాను. కొనేటప్పుడు ఏడాదంతా పచ్చగా ఉండే రకమే అడగాలి. చలికాలంలో ఆకంతా ఎండి నిద్రపోయే రకాలకి మంచి చలి కావాలి, మన దగ్గర అవి సరిగా ఎదగవు. మూడునాలుగేళ్లకి దుబ్బు ఒత్తుగా అయి పూలు తగ్గితే బొరిగితో తవ్వి, విడదీసి నాటుకోవడమే.

పిల్లిని మాత్రం అటు పోనివ్వకు. ఆకు గానీ పువ్వు గానీ కాస్త కొరికినా దాని మూత్రపిండాలు దెబ్బతింటాయి.

ఇప్పుడు ఈ కాడ చూడు. నిన్నటిది తుంచెయ్యి, పక్క మొగ్గకి తగలకుండా. ఎన్ని మిగిలాయి? ఏడా? అన్నిటికంటే లావెక్కి, చివర ఎరుపు దిగిందే, అది రేపటిది. పొద్దున్నే నన్ను లేపు, విచ్చుకున్నాక ఇద్దరం చూద్దాం.