ప్రజ్ఞ: జి పెట్టాలా, జె పెట్టాలా?



"పాప పేరు ప్రజ్ఞ మేడమ్. ఇంగ్లిష్‌లో జి పెట్టాలా, జె పెట్టాలా?" అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు ఇలాంటి సందేహం రావడం సహజం. చిన్న విషయమే అనిపిస్తుంది గానీ, ఆ రోజు రాసిన అక్షరాలే పదో తరగతి మెమో దాకా, ఆపైన పాస్‌పోర్టు దాకా పాప వెంట నడుస్తాయి.

ఏ సెక్షన్‌లో చూసినా సహస్రలు, ఆద్యలు కనిపించే ఈ రోజుల్లో ప్రజ్ఞ కాస్త అరుదైన పేరే. 'జ్ఞా' అంటే తెలుసుకోవడం. ముందు 'ప్ర' చేరితే లోతుగా తెలుసుకోవడం. తెలుగులో మనం ప్రతిభ, నేర్పు అనే అర్థంలో వాడుతున్నాం. బౌద్ధంలో ఇది ఇంకా పెద్ద మాట. ప్రజ్ఞాపారమిత పేరుతో గ్రంథాలున్నాయి, ఒక దేవత కూడా ఉంది. మన నాగార్జునకొండకు ఏ ఆచార్యుడి పేరు వచ్చిందో ఆ నాగార్జునుడికి ఈ గ్రంథాలతో అనుబంధం ఉందని బౌద్ధ సంప్రదాయం చెబుతుంది.

చిక్కంతా పలకడంలోనే. రాతలో జకారం ఉన్నా మన నోట అది వినిపించదు, 'ప్రగ్న్య'కు దగ్గరగా అంటాం. హిందీవాళ్లు 'ప్రగ్యా' అంటారు, మరాఠీవాళ్లు 'ప్రద్న్యా', గుజరాతీవాళ్లు 'ప్రగ్నా'. ఎవరి అలవాటు వారిది, ఏదీ తప్పు కాదు. సంస్కృతంలో చివర దీర్ఘం ఉంటుంది. సీతా మనకు సీత అయినట్టే ప్రజ్ఞా కూడా ప్రజ్ఞ అయింది.

ఇంగ్లిష్ టీచర్‌గా నాకు నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. తెలుసుకోవడం అనే అర్థంలో వాడే 'నో' స్పెల్లింగ్‌లో మొదటి 'కె'ని ఎందుకు పలకమని పిల్లలు అడుగుతుంటారు. ఒకప్పుడు పలికేవారు. ఆ మాట, మన 'జ్ఞా' ఒకే పురాతన ధాతువు నుంచి వచ్చాయి. ఈ జంట ధ్వని వాళ్లకూ ఇబ్బందే అయింది. వాళ్లు ఒకటి వదిలేశారు, మనం జ ను గ చేసుకున్నాం!

ఇక స్పెల్లింగ్. జె-ఎన్-ఏ అని రాస్తే సంస్కృత అక్షరానికి న్యాయం జరుగుతుంది కానీ, పేరు తెలియని టీచర్ 'ప్రజ్‌నా' అని పిలుస్తారు. జి-వై-ఏ చూస్తే ఉత్తరాది అమ్మాయి అనుకుంటారు. జి-ఎన్-వై-ఏ మన ఉచ్చారణకు దగ్గరే, అయితే ఏదో ఒక ఫారంలో ఆ వై జారిపోయే ప్రమాదం ఉంది. నన్నడిగితే జి-ఎన్-ఏ చాలు.

పేరు ఎంత అరుదో తెలుసుకోవాలని కొందరు ఇంటర్నెట్‌లో 'టాప్ 100' జాబితాలు చూస్తారు. మన దేశంలో అవి ప్రభుత్వ లెక్కలు కావు. అమెరికాలో సోషల్ సెక్యూరిటీ సంస్థ 1880 నుంచి పుట్టినవారి పేర్ల లెక్కలు ఇస్తోంది. అక్కడ కూడా ఒక్కో స్పెల్లింగ్‌ను ఒక్కో పేరుగా లెక్కిస్తారు, ఏడాదికి అయిదుగురి కన్నా తక్కువ మందికి పెట్టిన పేర్లు చూపించరు. నాలుగు స్పెల్లింగులుగా చీలిన పేరు ఉన్నదానికన్నా అరుదుగా కనిపించడంలో వింత లేదు.

ఇంట్లో చిన్న పాప ఉండి, పేరు రాయించకుండానే జననం నమోదైతే, నమోదైన 12 నెలల లోపు ఉచితంగా పేరు చేర్పించవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుముతో వీలుంది. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు స్కూల్ అడ్మిషన్‌కైనా, ఆధార్‌కైనా పుట్టిన తేదీకి బర్త్ సర్టిఫికెట్టే ఆధారం. కాబట్టి స్పెల్లింగ్ అక్కడే తేల్చుకుని, అదే అన్నిచోట్లా రాయండి.

పిల్లలు మొహమాటానికి టీచర్‌ను సరిదిద్దరు. ఏడాది పొడవునా తప్పు పేరుకే 'ప్రెజెంట్ మేడమ్' అనేస్తారు. అందుకే డైరీ మొదటి పేజీలో ఇంగ్లిష్ పేరు పక్కన, ఇంట్లో మీరు పిలిచినట్టే తెలుగులో కూడా రాసి పంపండి. క్లాస్ టీచర్ దాన్ని హాజరు పట్టీలో రాసుకుంటారు.