మీకు తెలుసా? గదికి 110 కుండీలు!

మీ ఇంట్లో పదికి పన్నెండు అడుగుల గది ఉందనుకోండి. సిగరెట్ పొగలోని బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి ఆవిర్లను కిటికీ సందుల్లోంచి వచ్చిపోయే గాలి ఎంత తగ్గిస్తుందో, మొక్కలు అంత తగ్గించాలంటే తక్కువలో తక్కువ 110 కుండీలు పెట్టాలి. మంచం బయట వేసుకోవాల్సిందే!

అమెరికాలోని డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాల ఫలితాలన్నీ కలిపి 2019లో లెక్క తేల్చారు: చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు. మన గది విస్తీర్ణానికి అందులోని కనిష్ఠ లెక్కే ఆ 110.

మరి నర్సరీల్లో వినిపించే ‘మొక్కలు గాలిని శుభ్రం చేస్తాయని నాసా చెప్పింది’ అన్న మాట? అబద్ధం కాదు. 1989 నాటి ఆ ప్రయోగాల్లో మనీప్లాంట్, స్నేక్‌ప్లాంట్, పీస్‌లిల్లీ ఆవిర్లను తగ్గించాయి. కాకపోతే అది గాలి చొరబడని చిన్న పెట్టెల్లో. ఆ పనిలో ఆకులతోపాటు వేళ్ల దగ్గరి మట్టి, అందులోని సూక్ష్మజీవుల పాత్ర కూడా ఉంది. అందుకే పొగతాగే వాళ్లున్న ఇంట్లో రెండు కుండీలకన్నా తెరిచిన కిటికీయే నయం. పొగ బయటే తాగితే మరీ నయం.

అందానికి సీసాలో మనీప్లాంట్ పెంచుకుంటారా, భేషుగ్గా పెంచుకోండి. నీళ్లు మాత్రం వారానికోసారి మార్చండి, డెంగీ దోమ పెరిగేది అలాంటి నిల్వ నీటిలోనే.