వంద అడుగుల రోడ్డు.. ఎవరి అడుగులకు?

హైదరాబాద్ నగరానికి నక్షా గీసిన మనిషి పాతబస్తీలోనే శాశ్వత నిద్రలో ఉన్నాడు. మహమ్మద్ కులీ కుతుబ్ షా దగ్గర పేష్వాగా, అంటే ప్రధానిగా పనిచేసిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ సమాధి ఉన్న చోటును జనం మీర్ మోమిన్ దాయిరా అంటారు. 1591లో కట్టిన చార్మినార్‌ను నడిబొడ్డున నిలిపి నాలుగు దిక్కులకూ నాలుగు రాచబాటలు తీయించిన ప్రణాళిక ఆయనదే. పడమటి బాట పడితే గోల్కొండ కోట, తూర్పు బాట పడితే మచిలీపట్నం రేవు. ఇక్కడి వజ్రాలు, బట్టలు ఆ దారినే సముద్రం దాటాయి.

నాలుగు వందల ఏళ్లు దాటిన తర్వాత ఇప్పుడు ఆ దాయిరా ఉన్న దారినే మెట్రో రైలు రాబోతోంది. మహాత్మాగాంధీ బస్ స్టేషన్ (ఎంజీబీఎస్) నుంచి చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌక్, హరిబౌలి, శాలిబండ, ఫలక్‌నుమా మీదుగా సాగే దారి ఇది. దారుల్‌షిఫా నుంచి శాలిబండ దాకా రోడ్డు వెడల్పు 50, 60 అడుగులు. అక్కడి నుంచి చాంద్రాయణగుట్ట వరకు సుమారు 80. మెట్రో కోసం ఆసాంతం 100 అడుగులు చేయాలని నిర్ణయించారు.

సాయంత్రం ఆరు గంటలకు ఈ దారిలో నడిస్తే ఆ నిర్ణయం ఎందుకు వచ్చిందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆటో వెనక ఆటో, దాని పక్కన ట్రాలీ, సందు దొరికితే దూరే బైకు, వీటన్నిటి మధ్య చంకన బిడ్డతో రోడ్డు దాటే తల్లి. అంబులెన్స్ సైరన్ మోగుతుంది, కానీ దారి ఇద్దామన్నా పక్కకు జరిగే చోటుండదు. రోడ్డు వెడల్పు కావాలి. అందులో వాదన లేదు. వెడల్పు చేయగా వచ్చిన జాగా ఎవరికి దక్కుతుంది, జాగా ఇచ్చినవాడికి ఏం మిగులుతుంది? తేల్చుకోవాల్సింది అదీ!

గోడ మీద ఎర్ర గీత

విస్తరణ ప్రభుత్వ ఫైల్లో ఎప్పుడు మొదలైనా, వీధిలో మాత్రం ఒక గీతతో మొదలవుతుంది. టౌన్ ప్లానింగ్ సిబ్బంది టేపు పట్టుకుని వస్తారు. రోడ్డు నడిమి నుంచి కొలుస్తారు. ఇంటి గోడ మీద ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన ఓ అంకె వేసి వెళ్లిపోతారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో పెళ్లిమాటలు ఆగిపోతాయి. మడిగె కిరాయికి అడిగేవారు ఉండరు. బ్యాంకు అప్పు ఇవ్వదు. సున్నం వేయించాలన్నా మనసు రాదు. గీతకూ కూల్చివేతకూ మధ్య కొన్నిచోట్ల నెలలు, కొన్నిచోట్ల ఏళ్లు గడుస్తాయి. కూల్చినప్పుడు పడే బాధ ఒక ఎత్తు, ఆ ఎదురుచూపు ఒక ఎత్తు.

పాతబస్తీ మెట్రో దారిలో ఇలా దెబ్బతినే ఆస్తులు సుమారు 1,100 అని మెట్రో సంస్థ లెక్క కట్టింది. భూమికి గజానికి 81 వేల రూపాయల పరిహారం ప్రకటించారు. 2025 జనవరిలో చెక్కుల పంపిణీ మొదలైంది.

ఆ అంకెను ఒక మడిగెకు అన్వయించి చూద్దాం. 12 అడుగుల ముఖం, 30 అడుగుల లోతు ఉన్న దుకాణం ఒకటి ఉందనుకోండి. రోడ్డు 60 నుంచి 100 అడుగులు కావాలి. రెండువైపులా సమానంగా తీసుకుంటే దుకాణం ముందు నుంచి 20 అడుగులు పోతాయి. అంటే 240 చదరపు అడుగులు, గజాల్లో సుమారు 27. భూమికి వచ్చేది 21 లక్షల 60 వేలు. యజమాని చేతిలో 10 అడుగుల లోతున్న ముక్క మిగులుతుంది. రోడ్డు వెడల్పయ్యాక ఆ ముక్కకు విలువ పెరగొచ్చు, లేదా అది దేనికీ పనికిరాని గూడుగా మిగలొచ్చు. ఇరవై ఏళ్లుగా ఆ మడిగెలో కిరాయికి కూర్చుని గాజులో అత్తరో అమ్ముకుంటున్న మనిషి పేరు ఏ దస్తావేజులోనూ ఉండదు. ఆయన ఆస్తి గిరాకీ. ఆ చోటుకు అలవాటు పడిన మనుషులే ఆయన పెట్టుబడి. దానికి గజాల్లో కొలత లేదు.

మూసీ నేర్పిన పాఠం

ఈ నగరానికి విస్తరణ కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ఉప్పొంగి వేలమందిని మింగింది. ఆ వరద తర్వాతే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలు వచ్చాయి. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పాటైంది. ఇరుకు బస్తీలను విప్పడం, దారులు వెడల్పు చేయడం, పేదలకు ఇళ్లు కట్టడం దాని పని.

నయాపూల్ దాటి చార్మినార్ వైపు వెళ్లే బజారును ఆ బోర్డు వెడల్పు చేసిన తీరు ఈనాటికీ మన కళ్ల ముందు ఉంది. అదే పత్తర్‌గట్టీ. అంగళ్లను కొట్టేసి, మొండిగోడలు మిగిల్చి చేతులు దులుపుకోలేదు. రోడ్డుకు ఇరువైపులా రాతి కమానులతో కొత్త వరుస కట్టారు. కింద అంగడి, పైన గది. అంగడి ముందు కమాను నీడలో నడిచే దారి. ఎండ కొట్టినా వాన పడినా కొనేవాడు తడవడు, అమ్మేవాడి సరుకు పాడవదు. రాతితో కట్టిన ఆ వరుస వల్లే బజారుకు ఆ పేరు స్థిరపడింది. వందేళ్లు కావస్తున్నా అక్కడ బట్టలు, అత్తర్లు, ముత్యాలు, పుస్తకాల వ్యాపారం సాగుతూనే ఉంది.

అది రాజరికం. ప్రజలను అడిగి చేసే కాలం కాదు. అయినా ఆనాటి ఇంజనీర్లు ఒక మాట మరిచిపోలేదు. రోడ్డుకు వెడల్పొక్కటే ఉంటే చాలదు, అంచు కూడా ఉండాలి. అంచు బాగుంటే మనుషులు నిలుస్తారు, వ్యాపారం నిలుస్తుంది. ఇవాళ తెలుగు పట్టణాల్లో విస్తరణ జరిగిన వీధుల్ని చూడండి. సగం కోసిన గదుల్లోంచి ఇనుప చువ్వలు వేలాడుతుంటాయి. మేడ మీది గదికి గోడ ఉండదు, గోడకు కొట్టిన మేకు మాత్రం ఉంటుంది. కరెంటు స్తంభం ఉన్నచోటే ఉండి, కొత్త తారు రోడ్డు నడిమధ్యకు చేరుతుంది. రోడ్డు వేసిన మూడో నెలలో మంచినీటి పైపు కోసం మళ్లీ తవ్వుతారు. పత్తర్‌గట్టీ కట్టిన నగరం ఇంతకంటే మంచి పని చేయగలదు.

వెడల్పు చేస్తే రద్దీ పోతుందా?

అమెరికాలోని హ్యూస్టన్‌లో కేటీ ఫ్రీవే అనే రహదారి ఉంది. దాని చివరనున్న కేటీ ప్రాంతంలో మన తెలుగు కుటుంబాలు చాలా స్థిరపడ్డాయి. ఆ రహదారిని వందల కోట్ల డాలర్లు పోసి విస్తరించారు. 2008కి పని పూర్తయింది. సర్వీసు రోడ్లు కూడా కలిపితే కొన్నిచోట్ల 20కి పైగా లేన్లు. ప్రపంచంలో అతి వెడల్పైన రహదారుల్లో ఒకటి. మొదట్లో ప్రయాణం సులువైంది. కొన్నేళ్లకే రద్దీ వేళల్లో పట్టే సమయం మళ్లీ పెరిగింది.

దీనికి కారణం తేలికే. దారి ఖాళీగా కనిపిస్తే, బస్సెక్కేవాడు కారు తీస్తాడు. పొద్దున్నే బయల్దేరేవాడు తొమ్మిదింటికి బయల్దేరతాడు. ఊరికి దూరంగా వెంచర్లు లేస్తాయి, అక్కడి వాళ్లంతా ఈ రోడ్డుకే వస్తారు. కొత్త జాగా కొత్త బళ్లను పిలుచుకుంటుంది. డురాంటన్, టర్నర్ అనే ఆర్థికవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనం అమెరికా నగరాల లెక్కలతో ఇదే చెప్పింది. రహదారుల లేన్ల పొడవు ఎంత పెంచితే బళ్ల తిరుగుడూ దాదాపు అంతే పెరిగింది.

హ్యూస్టన్ దాకా వెళ్లకపోయినా ఇది మనకు అనుభవమే. ఒక కూడలి మీద ఫ్లైఓవర్ వేస్తే ఆ రద్దీ ముందు కూడలికి జరుగుతుంది. సీసా మొత్తం వెడల్పు చేసి మూతి అలాగే ఉంచితే నీళ్లు తొందరగా పడవు కదా!

మరి విస్తరణ వృథానా? కాదు. వచ్చిన జాగాను దేనికి వాడామన్నదాన్ని బట్టి ఉంటుంది. ఒక సిటీ బస్సు పట్టే జాగాలో రెండు కార్లు నిలుస్తాయి, మహా అయితే మూడు. బస్సులో అరవై మంది వెళ్తారు, ఆ కార్లలో నలుగురైదుగురు. మూడు బోగీల మెట్రో రైలు ఒక్కసారికి సుమారు వెయ్యి మందిని మోస్తుంది. కదలాల్సింది మనుషులు, బళ్లు కాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం స్పష్టంగానే చెప్పింది. పాతబస్తీ విస్తరణకు బలమంతా ఇక్కడే ఉంది. అది మెట్రో కోసం జరుగుతున్న విస్తరణ. ఫలక్‌నుమా దాకా రావాల్సిన మెట్రో మొదటి దశలో ఎంజీబీఎస్ దగ్గరే ఆగిపోయింది. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి ఎంజీబీఎస్ దాకా 2020 ఫిబ్రవరిలోనే రైలు నడిచింది. నది అవతలి జనం ఇన్నేళ్లూ ఎదురుచూశారు. ఆ ఎదురుచూపుకు న్యాయం జరగాలి.

వంద అడుగుల పంపకం

వంద అడుగులంటే సుమారు 30 మీటర్లు. పంచి చూద్దాం. మెట్రో స్తంభాలున్న నడిమి గట్టుకు రెండున్నర మీటర్లు. బళ్లకు అటు మూడు, ఇటు మూడు వరుసలు, ఒక్కోటి మూడున్నర మీటర్ల చొప్పున మొత్తం 21 మీటర్లు. ఇరువైపులా రెండున్నర మీటర్ల కాలిబాటలు, మొత్తం ఐదు. ఇంకా మీటరున్నర దాకా మిగులుతుంది. మురుగు కాలువ, కేబుళ్లు, చెట్లకు అది సరిపోదనుకుంటే బళ్ల వరుసల్ని కాస్త సన్నం చేయొచ్చు. అందరికీ చోటుంది!

కానీ పంపకం మొదలయ్యేది ఎప్పుడూ బళ్ల నుంచే. వాటికి పోగా మిగిలింది కాలిబాట. జనం నడిచేందుకు ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. బజారు వీధుల్లో ఇంకా ఎక్కువ కావాలి. ఆ 1.8 మీటర్లలో ట్రాన్స్‌ఫార్మర్, హోర్డింగ్ కాలు, పార్క్ చేసిన బైకు, ఇసుక కుప్ప అన్నీ ఉంటాయి. ఇల్లు కోల్పోయిన కుటుంబంలోని ముసలావిడ ఆ కొత్త రోడ్డు పక్కన నడవలేక రోడ్డు మీదికి దిగాల్సి వస్తే, ఆమె ఇచ్చిన 20 అడుగులు ఎవరికి పోయినట్టు?

తోపుడు బండ్ల సంగతీ అంతే. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ముందు సర్వే జరగాలి, టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో నలభై శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి. సర్వే పూర్తయ్యేదాకా ఎవర్నీ వెళ్లగొట్టకూడదు. విస్తరణ నక్షాలో బండికి చోటు ముందే గీస్తే, తర్వాత లాఠీతో తోలే పని ఉండదు.

చెట్లకు కమిటీలు లేవు. చేవెళ్ల దారిలో, అప్పా కూడలి నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల రోడ్డుకు గొడుగు పట్టిన సుమారు 900 మర్రిచెట్ల కోసం ప్రకృతి ప్రేమికులు హరిత ట్రైబ్యునల్ మెట్లెక్కారు. చెట్లను కొట్టకుండానే రోడ్డు వేయవచ్చని ఏళ్ల తరబడి వాదించారు. ఆ ఓపిక వల్లే చెట్టును లెక్కలోకి తీసుకుని నక్షా గీయాలన్న మాట పుట్టింది.

గీత పడితే ఏం చేయాలి?

గోడ మీద గీత పడగానే భయపడి తెల్లకాగితం మీద సంతకం చేసేవాళ్లున్నారు. చట్టం మీకు ఇచ్చినవి ఇవీ:

2014 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న భూసేకరణ చట్టం ప్రకారం ప్రాథమిక నోటిఫికేషన్ వచ్చిన 60 రోజుల్లోగా కలెక్టర్‌కు అభ్యంతరం చెప్పవచ్చు. లెక్కగట్టిన విలువ మీద నూరు శాతం సొలేషియం (ఊరట మొత్తం) కలపాలి. పూర్తి పరిహారం చెల్లించాకే స్వాధీనం చేసుకోవాలి. అవార్డు మొత్తం సరిపోలేదనిపిస్తే దాన్ని పెంచమని అథారిటీకి వెళ్లవచ్చు.

పట్టణాల్లో మూడేళ్లకు పైగా ఆ చోట నివసిస్తున్న, లేదా ఆ చోటు మీదే జీవనం సాగిస్తున్న కుటుంబం కూడా చట్టం దృష్టిలో బాధిత కుటుంబమే. కిరాయిదారులు ఈ మాట గుర్తుంచుకోవాలి. కిరాయి రసీదులు, కరెంటు బిల్లులు, ట్రేడ్ లైసెన్సు జాగ్రత్త చేసుకోండి.

డబ్బుకు బదులు టీడీఆర్ బాండు ఇస్తామంటే తొందరపడకండి. ఇచ్చిన భూమికి బదులుగా మరోచోట అదనపు అంతస్తులు కట్టుకునే హక్కు అది, అమ్ముకోవచ్చు కూడా. కొనేవాడుంటేనే దానికి ధర. రెండు మడిగెలు తప్ప వేరే ఆధారం లేని కుటుంబానికి, పది ప్లాట్లున్న బిల్డరుకు ఆ కాగితం ఒకే విలువ ఇవ్వదు. ఏది తీసుకోవాలన్నది మీ ఇష్టం కావాలి, అధికారి ఒత్తిడి కాకూడదు.

మూడు షరతులు

రోడ్డు విస్తరణకు ఎదురు నిలవాలన్నది ఈ కథనం ఉద్దేశం కాదు. పెరిగే నగరానికి రోడ్లూ పెరగాలి. అయితే పాలకులు మూడు మాటలు ఇవ్వాలి. పరిహారం ముందు, పొక్లెయిన్ తర్వాత. కాలిబాట, బస్సు, నీడ ముందు, కారు వరుస తర్వాత. కూల్చినచోట మొండిగోడలు మిగల్చకుండా, పత్తర్‌గట్టీలా ఒక అంచు కట్టి ఇవ్వాలి.

రేపు మీ ఊళ్లో మెయిన్ రోడ్డుకు గీత పడినప్పుడు, ఎన్ని అడుగులు తీసుకుంటారని అడిగి ఊరుకోకండి. తీసుకున్న ప్రతి అడుగూ ఎవరికి ఇస్తారో చూపమనండి, నక్షా తెచ్చి వీధిలో పరచమనండి. ఇల్లు ఇచ్చిన మనిషి ఆ రోడ్డు మీద భయం లేకుండా నడవగలిగితేనే అది నిజమైన విస్తరణ.