పోస్టల్ ఓటు: ఎవరికుంది, ఎవరికి లేదు

ఎన్నికల షెడ్యూలు వచ్చిందంటే చాలు, "వెళ్లలేకపోతే పోస్టులో వేసేయొచ్చట" అనే మాట మొదలవుతుంది. ఆ మాట నమ్మి ఊరుకున్నవాళ్లు చివరికి ఓటే పోగొట్టుకుంటున్నారు. మన రెండు తెలుగు రాష్ట్రాల అసెంబ్లీ ఎన్నికలకు వర్తించే నిబంధనలు తెలుసుకుందాం.

అపోహ: ఉద్యోగం బెంగళూరులో, ఓటు సొంతూళ్లో. పోస్టులో పంపితే సరిపోతుంది.

వాస్తవం: కుదరదు. పోస్టల్ ఓటు కొన్ని వర్గాలకే ఉంది. సైన్యం, కేంద్ర బలగాల్లోని సర్వీసు ఓటర్లు, ఎన్నికల విధుల్లో ఉన్న సిబ్బంది, ఎన్నికల సంఘం గుర్తించిన అత్యవసర సేవల ఉద్యోగులు, 85 ఏళ్లు పైబడిన వృద్ధులు, 40 శాతం లేదా అంతకుమించి వైకల్యం ఉన్నవారు వీరిలో ముఖ్యులు. చదువుకో పనికో వలస వెళ్లినవారు పోలింగ్ రోజుకు ఊరు చేరాలి. లేదంటే ఫారం 8 పెట్టి, ఉంటున్న చోటికి ఓటు మార్చుకోవాలి. బెంగళూరుకు మార్చుకుంటే మీరు ఎన్నుకునేది కర్ణాటక ఎమ్మెల్యేనని మాత్రం గుర్తుంచుకోండి.

అపోహ: ఓటరు కార్డు ఉంది కదా, ఇంకేం కావాలి?

వాస్తవం: జాబితాలో పేరుండాలి. కొత్తవారు ఫారం 6 ఇవ్వాలి. 18 ఏళ్లు నిండటానికి ఇప్పుడు ఏడాదిలో నాలుగు అర్హత తేదీలున్నాయి: జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబరు 1. నామినేషన్ల గడువు ముగిశాక కొత్త పేరు చేరదు. విచారణకూ సమయం పడుతుంది కాబట్టి షెడ్యూలు దాకా ఆగొద్దు.

అపోహ: 85 దాటితే అధికారులే వచ్చి ఓటు వేయించుకుంటారు.

వాస్తవం: ఎక్కువ నష్టం ఇక్కడే జరుగుతోంది. ఇంటి దగ్గర ఓటు కావాలంటే ఫారం 12డి నింపి ఇవ్వాలి. ఎన్నికల నోటిఫికేషన్ వెలువడ్డాక దానికి ఐదు రోజులే గడువు. బూత్ స్థాయి అధికారి (బీఎల్‌ఓ) ఫారం ఇంటికి తెచ్చిస్తారు, కానీ సంతకం పెట్టి అడగాల్సింది ఓటరే. 2024 మార్చికి ముందు ఈ వయసు 80గా ఉండేది, ఆ పాత లెక్కతో ఎదురుచూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వయసు చూసేది జాబితా ప్రకారమే. తాతగారికి నిజంగా 87 ఉన్నా, జాబితాలో 79 అని పడితే అవకాశం రాదు. దాన్ని ముందే ఫారం 8తో సరిచేయించాలి. వైకల్యం ఉన్నవారు ధ్రువపత్రం జత చేయాలి.

అనుమతి వస్తే పోలింగుకు ముందే పోలింగ్ అధికారులు, వీడియోగ్రాఫరు, పోలీసు ఇంటికి వస్తారు. మంచం పక్కనే అట్ట అడ్డు పెడతారు. ఓటరు బ్యాలెట్‌పై గుర్తు పెట్టి, లోపలి కవరులో ఉంచి అంటిస్తారు. దాన్నీ సంతకం చేసిన డిక్లరేషన్‌నీ పెద్ద కవరులో పెడతారు. ఇదంతా వీడియో తీస్తారు గానీ, గుర్తు పెట్టేది మాత్రం తీయరు. మొదటిసారి ఓటరు ఇంట్లో లేకపోతే మరోసారి వస్తారు, అంతే. 12డి ఆమోదం పొందాక మనసు మార్చుకుని బూత్‌కు వెళ్లినా ఓటు వేయనివ్వరు, ఎందుకంటే జాబితాలో ఆ పేరు పక్కన అప్పటికే 'పీబీ' (పోస్టల్ బ్యాలెట్) అని పడి ఉంటుంది.

అపోహ: పోటీ హోరాహోరీగా ఉంటేనే పోస్టల్ ఓట్లు లెక్కిస్తారు.

వాస్తవం: ఉదయం 8 గంటలకు మొదట తెరిచేవే అవి. ఈవీఎంల లెక్కింపు అరగంట తర్వాత మొదలవుతుంది. అయితే పోస్టల్ ఓట్లు చెల్లకుండా పోయేది కాగితాల దగ్గరే. ఎన్నికల సిబ్బంది ఫారం 13ఏ డిక్లరేషన్‌పై సంతకం మరిచినా, బ్యాలెట్ నంబరు తేడాపడినా లోపలి కవరు తెరవకుండానే పక్కన పెట్టేస్తారు. ఆ డిక్లరేషన్‌ను అటెస్ట్ చేసిన అధికారి సంతకం ఉండి, పేరు, హోదా, ముద్ర లేకపోతే ఏమిటన్న వివాదం 2024 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. చెల్లుతుందన్న ఎన్నికల సంఘం వైఖరిలో కోర్టులు జోక్యం చేసుకోలేదు. అయినా సిబ్బంది పోస్టల్ ఓటు వేసే ఫెసిలిటేషన్ సెంటరులో ఉన్నప్పుడే ముద్ర వేయించుకోవడం మేలు.

అపోహ: అమెరికాలో ఉన్నా ఆన్‌లైన్‌లో ఓటు వేయొచ్చు.

వాస్తవం: లేదు. భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు ఫారం 6ఏతో నమోదు కావచ్చు. ఓటు మాత్రం అసలు పాస్‌పోర్టుతో బూత్‌కు వచ్చే వేయాలి. విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివారికిచ్చే ఓసీఐ కార్డుతో ఓటు రాదు.

మీ ఇంట్లో 85 దాటిన పెద్దలుంటే జాబితాలో వాళ్ల వయసు ఇవాళే చూడండి. సందేహముంటే 1950కు ఫోన్ చేసి అడగండి.