మానసిక మందులు, సైడ్ ఎఫెక్ట్స్, నర్స్ ప్రాక్టీషనర్: అపోహలు – వాస్తవాలు

అమెరికాలో మానసిక సమస్యలకు మందులు రాసేది సైకియాట్రిస్టులు మాత్రమే కాదు, సైకియాట్రిక్ నర్స్ ప్రాక్టీషనర్లు కూడా. సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటుకు చాలాచోట్ల వారాలు, నెలలు ఆగాల్సి వస్తుంది. అందుకే మందు మొదలుపెట్టాక వచ్చే ఇబ్బందులను చాలామంది నర్స్ ప్రాక్టీషనర్లకే చెప్పుకుంటారు. చదువుకో ఉద్యోగానికో వెళ్లిన తెలుగువాళ్లకు, పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండటానికి వెళ్లే తల్లిదండ్రులకు ఈ ఏర్పాటు కొత్త. డాక్టరు చీటీ రాస్తే నర్సు సూది వేయడం చూసి పెరిగినవాళ్లకు అనుమానాలు రావడం సహజమే. కానీ అంతకన్నా ఎక్కువ హాని చేసేవి మందుల గురించిన అపోహలు.

అపోహ: నర్సు మందు మార్చకూడదు, డాక్టరే చూడాలి.

1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల వైద్యుడు కలిసి ప్రారంభించిన శిక్షణతో నర్స్ ప్రాక్టీషనర్ వృత్తి పుట్టింది. రిజిస్టర్డ్ నర్సు అయినవాళ్లు ఆపైన మాస్టర్స్ లేదా డాక్టరేటు చదివి, మానసిక వైద్యంలో జాతీయస్థాయి సర్టిఫికేషన్ పరీక్ష ప్యాసవుతారు. మందు రాయడం, డోసు తగ్గించడం, మందు మార్చడం, రక్తపరీక్షలు చేయించడం అన్నీ వాళ్ల పనిలో భాగమే. అరిజోనా, వాషింగ్టన్ సహా సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్లు సొంతంగా వైద్యం చేయవచ్చు. టెక్సాస్, జార్జియా లాంటి చోట్ల డాక్టరుతో ఒప్పందం ఉండాలి. ఎం.డి. చదువు, రెసిడెన్సీ వేరన్నది కూడా నిజమే. గర్భిణి విషయంలోనో, నాలుగైదు మందులు కలిసిన చిక్కు కేసులోనో సైకియాట్రిస్టు అభిప్రాయం అడగడం మంచి ప్రాక్టీషనర్ లక్షణం.

అపోహ: సైడ్ ఎఫెక్ట్ వచ్చిందంటే మందు పడలేదు, మానేయడమే మేలు.

సెర్ట్రాలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటి డిప్రెషన్ మందులతో మొదటి వారం, రెండు వారాలు కడుపులో తిప్పడం, తలనొప్పి, విరేచనాలు, నిద్ర చెదరడం మామూలే. చాలామందిలో అవి వాటంతటవే తగ్గుతాయి. గుణం మాత్రం రెండు నుంచి ఆరు వారాలకు గానీ కనిపించదు. ఇబ్బంది ముందు వచ్చి మేలు వెనక వస్తుంది కాబట్టి, ఆ మధ్య రోజుల్లోనే మాత్రలు అటకెక్కుతాయి.

కొంతకాలం వాడిన మందును ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు, తలలో కరెంటు షాకు కొట్టినట్టు అనిపించడం ఉండవచ్చు. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్ విషయంలో ఇది ఎక్కువ. ఒంట్లోంచి మెల్లగా పోయే ఫ్లుఆక్సెటిన్‌తో తక్కువ. ఈ బాధను చూసి జబ్బు తిరగబెట్టిందనో, మందుకు బానిసయ్యామనో భయపడేవాళ్లున్నారు. నిజానికి డోసు అంచెలంచెలుగా తగ్గించి ఉంటే ఈ బాధ చాలావరకు తప్పేది.

ఆపేయడానికి ముందు ప్రాక్టీషనర్ చేయగలిగేవి చాలా ఉన్నాయి. ఏమైనా తిన్నాక వేసుకోమనడం, నిద్ర పట్టకపోతే రాత్రి మాత్రను పొద్దుటికి జరపడం, డోసు తగ్గించడం, వేరే మందుకు మార్చడం వాటిలో కొన్ని. లైంగిక కోరిక తగ్గడం మాత్రం దానంతట అది పోతుందని ఎదురు చూడదగింది కాదు. నోరు తెరిచి చెబితేనే పరిష్కారం దొరుకుతుంది, బ్యుప్రొపియాన్‌కు మార్చడం అందులో ఒకటి.

అపోహ: మందు మొదలెట్టాక కుదురు తగ్గిందంటే జబ్బు ముదిరినట్టే.

హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ లాంటి యాంటీసైకోటిక్ మందులు కొందరిలో అకథీసియా అనే స్థితిని తెస్తాయి. కూర్చోలేరు, నిల్చోలేరు, గదిలో ఆ మూలకూ ఈ మూలకూ తిరుగుతూనే ఉంటారు. కాళ్లలో ఏదో తొలుస్తున్నట్టు ఉంటుంది. చూసేవాళ్లకు అది కంగారులా కనిపిస్తుంది. కంగారనుకుని డోసు పెంచితే బాధ ఇంకా పెరుగుతుంది. మందు ఏ రోజు మొదలైంది, డోసు ఎప్పుడు మారింది, తిరుగుడు ఎప్పటినుంచి అన్న మూడు తేదీలు కాగితం మీద ఉంటే ఈ పొరపాటును చాలావరకు తప్పించవచ్చు.

ఈ మందులను ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పెదవులు, నాలుక, వేళ్లు వాటంతటవే కదిలే టార్డివ్ డిస్కినీసియా రావచ్చు. దాన్ని పసిగట్టే పరీక్షకు యంత్రాలేవీ అక్కర్లేదు. చెప్పులు విప్పి కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు మోకాళ్ల మీద పెట్టమంటారు. నోరు తెరవమని, నాలుక చాపమని అంటారు. బొటనవేలికి మిగతా వేళ్లు ఒక్కొక్కటే తాకించమంటారు. చివరికి నాలుగడుగులు నడిపిస్తారు. ఇదంతా దేనికోనని విసుక్కోవడం సరికాదు. ముందే కనిపెడితే మందు మార్చే వీలుంటుంది, టార్డివ్ డిస్కినీసియాకంటూ 2017లో ఆమోదం పొందిన వాల్బెనజీన్, డ్యూటెట్రాబెనజీన్ మందులు కూడా ఉన్నాయి.

అపోహ: మనసు మందుకు బరువు, షుగరు పరీక్షలు ఎందుకు?

ఓలాంజపిన్, క్లోజపిన్ అనే యాంటీసైకోటిక్ మందులు ఆకలిని, బరువును, షుగరును, కొలెస్టరాల్‌ను పెంచగలవు. కుటుంబంలో మధుమేహం ఉన్నవాళ్లు ఆ మాట మొదటి రోజే చెప్పాలి. బైపోలార్ జబ్బుకు వాడే లిథియంకైతే రక్తంలో మోతాదు కొలవకుండా వైద్యమే లేదు. చివరి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం తీస్తారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా ఎప్పటికప్పుడు జరగాలి.

అపోహ: మోకాలి నొప్పి మాత్ర, ఆయుర్వేదం మందు చెప్పక్కర్లేదు.

చెప్పాలి. లిథియం వాడేవాళ్లు ఇబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసుకుంటే రక్తంలో లిథియం పెరుగుతుంది. వాంతులు, విరేచనాలతో ఒంట్లో నీరు పోయినా అంతే. ఊరి నుంచి తెచ్చుకున్న చూర్ణాలు, మాత్రల సీసాలు ఉన్నవి ఉన్నట్టు సంచిలో వేసుకెళ్లి చూపించడం అన్నిటికన్నా తేలిక.

అపోహ: ఇంగ్లీషు రాకపోతే కొడుకో కూతురో చెబితే చాలు.

నెలసరి ఆగిపోయిందని, పాలు పడుతున్నాయని తల్లి కొడుకు చేత చెప్పించలేదు. రిస్పెరిడోన్‌తో ఈ రెండూ జరిగే అవకాశం ఉంది. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు, క్లినిక్కులు ఉచితంగా దుబాసీని ఇవ్వాలని అమెరికా ఫెడరల్ చట్టం చెబుతోంది. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే తెలుగు దుబాసీ కావాలని అడగవచ్చు.

అపోహ: ఏ ఇబ్బందైనా వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగవచ్చు.

కొన్నిటికి ఆగకూడదు. బైపోలార్ జబ్బుకు వాడే లామోట్రిజిన్ మొదలెట్టాక ఒంటి మీద దద్దుర్లు లేస్తే ఆ రోజే ఫోన్ చేయాలి. దద్దుర్లతో పాటు జ్వరం, నోట్లో పుండ్లు ఉంటే ఎమర్జెన్సీకి వెళ్లాలి. క్లోజపిన్ వాడేవాళ్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్లకణాలు పడిపోయాయేమో వెంటనే చూడాలి. ఒళ్లు కొయ్యబారడం, తీవ్రమైన జ్వరం, మాట తడబడటం కలిసి వస్తే అమెరికాలో ఎమర్జెన్సీ నంబరు 911కు ఫోన్ చేయాలి. 24 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న కొందరిలో డిప్రెషన్ మందు మొదలెట్టిన తొలి వారాల్లో, డోసు మారినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మందు సమాచార పత్రంలో గడి కట్టి మరీ హెచ్చరిక పెట్టించింది. ఆ ఆలోచన వచ్చిన క్షణమే అమెరికాలో 988కు, భారత్‌లో టెలీ మానస్ హెల్ప్‌లైన్ 14416కు పగలైనా రాత్రయినా ఫోన్ చేయవచ్చు.